సహాయం ఎవరి కొరకు? ఫిజీ దీవులు నేర్పుతున్న పాఠం

(సూరత్ నగరంలోని కతర్‌గామ్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వేతనాలు, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలపై ఇదివరకు వక్తలు వివరంగా మాట్లాడియున్నారు. నాకు అప్పగించిన అంశం వేరు. చిన్న దేశాలకు పెద్ద దేశాలు ఇచ్చు సహాయం ఎటువంటిది, దాని వలన శ్రామికులకు ఒనగూడుతున్నదేమి అను ప్రశ్నను పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దేశాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలించవలెనని కార్యవర్గం కోరినది.

కతర్‌గామ్‌లో కూర్చుండి ఫిజీ గురించి మాట్లాడుట ఎందుకని కొందరికి తోచవచ్చును. ఫిజీలోని గుజరాతీ కుటుంబాలలో అధిక భాగం ఈ సూరత్, నవ్‌సారీ ప్రాంతాల నుండి వెళ్ళినవే. వారు వర్తకులుగా, స్వర్ణకారులుగా, దర్జీలుగా తమ ఖర్చుతో, తమ ఇష్టంతో వెళ్ళినారు. మన తెలుగువారు అంతకు ముందే వెళ్ళినారు. కాని ఇష్టంతో వెళ్ళినారని చెప్పుటకు వీలులేదు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల నుండి కూలీలను సమీకరించు దళారుల మాటలు నమ్మి మద్రాసు డిపోకు చేరి, వేలిముద్ర వేసి ఓడ ఎక్కినారు. ఆ ఒప్పందాన్నే, అనగా అగ్రిమెంటును, వారు 'గిర్మిట్' అని పలికినారు. ఆ పేరుతోనే ఒక జాతి చరిత్ర నిలిచియున్నది.

1879 మే 14న లియోనిడాస్ అను ఓడ మొదటి గిర్మిట్ కూలీలను ఫిజీకి చేర్చినది. 1916లో ఈ రవాణా నిలిచిపోవునాటికి అరవై వేలకు పైగా భారతీయులు ఆ దీవులకు చేరియుండిరి. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా వెళ్ళిన దక్షిణాది వారు అందులో సుమారు 15 వేల మంది. తెలుగువారు, తమిళులు, మలయాళీలు అందరూ వీరిలో కలరు. ఒప్పంద కాలం ఐదు సంవత్సరాలు. నిర్ణయించిన పనిని పూర్తి చేసిన పురుషునికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. పని పూర్తికాని దినమున కూలి కోత. పనికి రాకున్న శిక్ష. చెరకు తోటలకు, మిల్లులకు యజమాని ఆస్ట్రేలియాకు చెందిన కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. 1912లో గోఖలే ఈ పద్ధతిని రద్దు చేయవలెనని శాసనసభలో తీర్మానం ప్రతిపాదించినారు. సి.ఎఫ్. ఆండ్రూస్ ఫిజీకి స్వయముగా వెళ్ళి పరిశీలించి నివేదిక ప్రకటించినారు. చివరకు 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నియు రద్దయినవి.

మిత్రులారా, అభివృద్ధి సహాయం గురించి మాట్లాడునప్పుడు ఈ పూర్వచరిత్రను మరువరాదు. ఒక దేశం ఎందుకు పేదదిగా ఉన్నదో చెప్పక, దానికి ఎంత దానం చేసినామో మాత్రమే చెప్పుట లెక్కలలో ఒక వైపు పుటను చించివేయుట వంటిది. ఫిజీ ఒకే పంటపై ఆధారపడిన దేశముగా తయారగుటకు కారణం ఆ నేల స్వభావం కాదు. కంపెనీ అవసరం ఆ విధముగా తయారుచేసినది.

రైల్వే సోదరులకు ఆసక్తి కలిగించు సంగతి ఒకటి. ఆ కంపెనీ చెరకు రవాణా కొరకు రెండడుగుల వెడల్పు గల చిన్న పట్టాలను పొలాల గుండా వేసినది. వాటిపై కొంతకాలం ప్రయాణికుల బండిని టిక్కెట్టు లేకుండా నడిపినది. చూచుటకు అది ఉదారముగానే కనబడును. కాని ఆ పట్టాలు ఏ ఊరిని ఏ ఊరితో కలుపవలెనన్న నిర్ణయం చెరకు అవసరాన్ని బట్టియే జరిగినది. నేటి విదేశీ సహాయంలో కూడ ఇదే ప్రశ్న మరల మరల ఎదురగుచున్నది. రోడ్డు ఉచితమే కావచ్చును, వంతెన ఉచితమే కావచ్చును; అది ఎక్కడికి పోవలెనని నిర్ణయించువారెవరు?

ఇక స్వయంసహాయం గురించి రెండు మాటలు. గిర్మిట్ ముగిసిన తరువాత దక్షిణాది వారికి పాఠశాలలు లేవు, వైద్యం లేదు, తమ భాష నేర్పువారు లేరు. 1926లో సాధు కుప్పుస్వామి నాయకత్వాన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం ఏర్పడినది. 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొన్నారు. చెరకు కోసి సంపాదించిన సొమ్ములో చందాలు వేసికొని ఈ సంఘములు పాఠశాలలు కట్టినవి. వాటిలో భారతీయ సంతతి బిడ్డలే కాక ఫిజీ మూలవాసుల బిడ్డలు కూడ చదువుకొన్నారు. ఏ విదేశీ ప్రభుత్వ పద్దులోను కానరాని ఈ అభివృద్ధి వంద సంవత్సరాలుగా నిలిచియున్నది. ఎందుకు నిలిచినది? ఆ పాఠశాల ఎక్కడ కట్టవలెనో, ఎవరు నడుపవలెనో ఆ ఊరివారే నిర్ణయించుకొన్నారు గనుక.

1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్రమైనది. అదే సంవత్సరం ఆరంభంలో లార్డ్ డెన్నింగ్ ఇచ్చిన తీర్పు ప్రకారం చక్కెర ఆదాయంలో రైతుకు 65 పాళ్ళు, మిల్లుకు 35 పాళ్ళు దక్కవలసియుండెను. ఆ నిష్పత్తి తనకు గిట్టుబాటు కాదని కంపెనీ తప్పుకొన్నది. 1973 నాటికి మిల్లులు ప్రభుత్వ ఆధీనంలోని ఫిజీ షుగర్ కార్పొరేషన్ చేతికి వచ్చినవి. తొంభై ఏండ్లు లాభములు గడించిన వానికి రైతు వాటా పెరిగిన మరునాడే నష్టము కనబడినదని మనం గమనించవలెను.

1975లో ఐరోపా ఆర్థిక సమాజంతో లోమె ఒడంబడిక కుదిరినది. దాని ప్రకారం ఫిజీ చక్కెరను నిర్ణీత పరిమాణం మేరకు ఐరోపా తన స్వదేశీ ధరకు కొనుచుండెను. ఆ ధర అనేక సంవత్సరాలు ప్రపంచ విపణి ధరకు రెండు మూడు రెట్లుగా ఉండెను. ఇది కూడ సహాయమే. అయితే చెక్కు రూపంలో కాక ధర రూపంలో వచ్చిన సహాయం. దీనిలో ఒక మేలున్నది. డబ్బు మంత్రుల కార్యాలయాల చుట్టు తిరుగక, పండించిన వాని చేతికి నేరుగా చేరినది. ఒక కీడు కూడ ఉన్నది. ఆ ధర ఎల్లకాలం ఉండునన్న భరోసాతో మిల్లుల యంత్రాలను బాగుచేయుట, ప్రత్యామ్నాయ పంటలను వెదకుట, భూమి సమస్యను తేల్చుట అన్నియు వాయిదా పడినవి.

భూమి సమస్యను కూడ న్యాయముగా చెప్పవలెను. ఫిజీ భూమిలో ఎనభై శాతానికి పైగా మూలవాసుల సమష్టి ఆస్తి. దానిని అమ్మరాదు. బ్రిటిషు పాలనలో అనేక దేశాల ఆదివాసులు భూమిని కోల్పోగా, ఫిజీ మూలవాసులు నిలుపుకొన్నారు. వారి భయాలను మనం తేలికగా తీసివేయరాదు. అయితే ఆ భూమిని చెమటోడ్చి సాగుచేసినది కౌలుదారులు. 1976 చట్టం వారికి ముప్పై ఏండ్ల కౌలు హక్కును ఇచ్చినది. 1997 నుండి పాత కౌలు గడువులు తీరిపోవ నారంభించినవి. వేలాది కుటుంబాలు తాతలనాటి పొలాలను విడిచి పట్టణాల శివార్లకు చేరినవి.

ఇదే కాలంలో రాజకీయ కల్లోలం చెలరేగినది. ఇక్కడ కార్మికోద్యమ చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1920లో సువా నగరంలో భారతీయ కార్మికులు సమ్మె చేసినారు; స్త్రీలు అందు ముందు నిలిచినారు. 1943లో చెరకు రైతులు గిట్టుబాటు ధర కొరకు కోత ఆపినారు. 1959లో సువా చమురు కార్మికుల సమ్మెలో మూలవాసి కార్మికుడు, భారతీయ కార్మికుడు భుజం భుజం కలిపి నిలిచినారు. ఆ ఐక్యతే పాలకులను అన్నిటికంటె ఎక్కువ కలవరపరచినది. 1985లో కార్మిక సంఘాల చొరవతో లేబర్ పార్టీ ఏర్పడినది. దాని నాయకుడు డాక్టర్ తిమోచి బవాద్రా మూలవాసి. 1987 ఏప్రిల్‌లో ఆయన ప్రభుత్వం ఏర్పడినది. ఒక నెల గడచినదో లేదో, మే 14న కర్నల్ రబూకా సైనిక కుట్రతో దానిని కూలద్రోసినాడు. మొదటి గిర్మిట్ ఓడ వచ్చినది కూడ మే 14నే. 1999లో కార్మిక నాయకుడు మహేంద్ర చౌదరి ప్రధాని అయినారు. ఖచ్చితముగా ఒక సంవత్సరానికి, 2000 మే 19న, ఆయనను పార్లమెంటులోనే బందీగా పట్టినారు. 2006 డిసెంబరులో మరల సైనికులు అధికారం చేపట్టినారు.

ప్రతి కుట్ర తరువాత చదువుకొన్నవారు, నైపుణ్యం గలవారు వలసపోయినారు. 1986లో జనాభాలో సగానికి కొంచెం తక్కువగా ఉన్న భారతీయ సంతతి 2007 నాటికి 37.5 శాతానికి తగ్గినది.

సరిగ్గా ఈ సమయాననే ఐరోపా తన చక్కెర విధానాన్ని మార్చినది. 2006 నుండి నాలుగేండ్లలో ధరను 36 శాతం తగ్గించుటకు పూనుకొన్నది. 2009లో పాత చక్కెర ఒడంబడిక ముగిసినది. ఈ దెబ్బను తట్టుకొనుటకు సర్దుబాటు నిధులు ఇచ్చెదమని ఐరోపా వాగ్దానం చేసినది. కాని సైనిక పాలన తొలగి ఎన్నికలు జరుగువరకు ఆ నిధులలో ప్రధాన భాగాన్ని నిలిపివేసినది. ప్రజాస్వామ్యం కొరకు ఒత్తిడి చేయుట తప్పని నేను అనను. అయితే ఆ ఒత్తిడి భారం ఎవరిపై పడినదో చూడవలెను. తుపాకి పట్టిన వాని జీతం ఆగలేదు. చెరకు బండికి బాడుగ కట్టుకొనలేని రైతు ఆగిపోయినాడు. 1994లో ఐదు లక్షల టన్నులకు పైబడిన చక్కెర ఉత్పత్తి ఇటీవలి సంవత్సరాలలో అందు మూడవ వంతుకు కూడ చేరుట లేదు.

ఇప్పుడు మన దేశం పాత్రకు వచ్చెదను. 2000 దశకం మధ్యలో ఫిజీ మిల్లుల ఆధునీకరణ కొరకు మన ఎగ్జిమ్ బ్యాంకు 5 కోట్ల 4 లక్షల అమెరికన్ డాలర్ల రుణ సౌకర్యం కల్పించినది. ఇది దానం కాదు, అప్పు. ఇటువంటి అప్పులలో సరుకులు, సేవలు ప్రధానముగా ఇచ్చిన దేశం నుండియే కొనవలెనన్నది నియమం. యంత్రాలు మారినవి, కాని మిల్లుల పనితీరు ఆశించినట్లు మెరుగుపడలేదు. క్రషింగ్ కాలంలో మిల్లులు మాటిమాటికి ఆగినవి, రైతుల చెరకు బండ్లు గేటు ముందు ఎండినవి. 2010 నాటికి ఆ కార్పొరేషన్ తీవ్ర నష్టాలలో కూరుకొని ప్రభుత్వ ఆసరాతో నిలువవలసివచ్చినది. మిల్లు నడచినను, ఆగినను అప్పు వాయిదా మాత్రం ఆగదు. తప్పు యంత్రానిదా, నిర్వహణదా, ఒప్పందానిదా అని నిపుణులు వాదించుకొనవచ్చును. ఆ ఒప్పందం వ్రాయునప్పుడు మిల్లు కార్మికుని, చెరకు రైతును బల్ల వద్ద కూర్చుండబెట్టియుండిన వారు మొదటి దినముననే అడుగవలసిన ప్రశ్నలు అడిగియుండెడివారని నా నమ్మకం. విడిభాగాలు ఎక్కడ దొరకును? మరమ్మతు ఎవరు నేర్పుదురు? చెరకే తగ్గిపోవుచుండగా మిల్లు సామర్థ్యం పెంచి ప్రయోజనమేమి?

ఈ ప్రశ్నలు మనకు క్రొత్తవి కావు. మన దేశం కూడ సహాయం పుచ్చుకొన్న దేశమే. 1960 దశకంలో అమెరికా నుండి పి.ఎల్. 480 గోధుమలు ఓడలలో వచ్చినవి. ఆకలి తీరినది, నిజమే; కాని ఓడ ఆలస్యమైనప్పుడెల్ల మన విధానాలపై వత్తిడి పెరిగినది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించుట వెనుక సహాయ దాతల ఒత్తిడి ఉన్నదని అందరెరిగినదే. మరియొక వైపు 1955లో ప్రారంభమైన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీని చూడుడు. స్విట్జర్లాండు కంపెనీ సహకారంతో మొదలైనను, పని మన కార్మికుల చేతికి వచ్చినది. నేడు అక్కడ తయారైన పెట్టెలు విదేశాలకు కూడ పోవుచున్నవి. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారం కూడ అటువంటిదే. ఇచ్చినవాడు వెళ్ళిపోయిన తరువాత పుచ్చుకొన్నవాని చేతిలో పని మిగిలినదా, బాకీ మిగిలినదా అన్నదే గీటురాయి.

ఇక ప్రకృతి వైపరీత్యాలు. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని తాకినది. 44 మంది మరణించినారు. నష్టం దాదాపు రెండు వందల కోట్ల ఫిజీ డాలర్లని అంచనా. రకిరకిలోని పెనాంగ్ మిల్లు దెబ్బతిని మరల తెరువబడలేదు. నాలుగు మిల్లులకు మూడే మిగిలినవి. సముద్రం చొచ్చుకొని వచ్చుటచే వునిడొంగొలోవా అను గ్రామం 2014లో మొత్తముగా మెట్టకు తరలినది. వాతావరణాన్ని వేడెక్కించిన పొగలో ఫిజీ వాటా లెక్కకు రానంతటిది. దాని మూల్యం మాత్రం వారే చెల్లించుచున్నారు. కావున ఇట్టి సందర్భంలో ఇచ్చు సొమ్మును దయాధర్మమని పిలుచుట తగదు. అది తీర్చవలసిన బాకీ. విపత్తు వచ్చిన దేశానికి అప్పు ఇచ్చి వడ్డీ వసూలు చేయుట మరింత అన్యాయం.

ఈ సూరత్ వాసులకు ఆ బాధ వివరింపనక్కరలేదు. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుండి విడిచిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగినది. బిస్కెట్లు, దుప్పట్లు త్వరగా వచ్చును. మగ్గం మరల తిరుగుటకు, పోయిన దినాల కూలి పూడుటకు ఎంత కాలం పట్టునో మరమగ్గాలపై పనిచేయు మన పద్మశాలీ సోదరులు చెప్పగలరు. ఫొటోలలో కనబడు సహాయం మొదటి వారానిది. కార్మికునికి కావలసినది ఆ తరువాతి సంవత్సరానిది.

మరియొక విషయం తపాలా సోదరులకు బాగుగా తెలిసినది. 1985లో బెర్ట్రామ్, వాటర్స్ అను ఇద్దరు పండితులు పసిఫిక్ చిన్న దీవుల ఆర్థిక వ్యవస్థ నాలుగు స్తంభాలపై నిలిచియున్నదని వ్రాసినారు. అవి వలస, వలసపోయినవారు పంపు సొమ్ము, విదేశీ సహాయం, ప్రభుత్వోద్యోగం. ఫిజీ నాడు ఆ కోవకు చెందినది కాదు, దానికి చక్కెర ఉండెను. నేడు అది కూడ ఆ దారి పట్టినది. 2020లో కోవిడ్ వలన పర్యాటకం కూలి జాతీయోత్పత్తి సుమారు 17 శాతం పడిపోయినది. 2022 నుండి విదేశాలలోని ఫిజీయులు ఏటా పంపు సొమ్ము వంద కోట్ల ఫిజీ డాలర్లను మించినది. అది చక్కెర ఎగుమతి ఆదాయానికి ఎన్నో రెట్లు. నర్సులు, ఉపాధ్యాయులు, యువకులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు పోవుచున్నారు. పంపిన సొమ్ముతో ఇల్లు నిలుచును. కాని ఆసుపత్రిలో నర్సు ఎవరు? ఒకనాడు సూరత్ తపాలా కౌంటర్లలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పేర్లతో నిండిన మనియార్డరు ఫారములను చేతులారా ముట్టినవారు ఈ సభలో ఉన్నారు. ఆ ఫారముపై వంద రూపాయల అంకె ఉండును గాని, ఊరిలో ఒంటరిగా మిగిలిన తల్లి పేరు ప్రక్కన ఆమె కష్టం ఉండదు.

మరి మంచి సహాయం లేనే లేదా? ఉన్నది. 1987లో తువాలు అను అతి చిన్న దేశానికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్‌లు కలిసి ఒక శాశ్వత నిధిని ఏర్పరచినవి. తువాలు కూడ తన వాటా వేసినది. అసలును కాపాడుచు, దానిపై వచ్చిన రాబడితో దేశ బడ్జెట్ లోటును పూడ్చుకొనుచున్నది. ప్రతి సంవత్సరం చేయి చాపవలసిన అగత్యం కొంత తగ్గినది. గౌరవం నిలుపు సహాయం ఇటువంటిది.

కార్మికులు కార్మికులకు చేయు సహాయం మరియొకటి. 1987 కుట్ర జరిగినప్పుడు ఆస్ట్రేలియా రేవు కార్మికులు ఫిజీకి పోవు సరుకులను ముట్టమని నిషేధం విధించినారు. 2011లో ఫిజీ సైనిక ప్రభుత్వం అత్యవసర పరిశ్రమల పేరుతో సమ్మె హక్కును, బేరసారాల హక్కును హరించు శాసనం తెచ్చినది. 2012లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశీలక బృందాన్ని దేశం నుండి పంపివేసినది. అయినను ఆ సంఘములు లొంగలేదు. ప్రపంచ కార్మికోద్యమం ఆ ఫిర్యాదును జెనీవాలో సంవత్సరాల తరబడి విడువక పట్టుకొన్నది. 2015లో ఆ శాసనం రద్దయినది. దానికి ఏ ఖజానా నుండి రూపాయి ఖర్చు కాలేదు.

"మన దేశంలోనే పేదలుండగా ఇతరులకు ఎందుకు ఇవ్వవలెను?" అని కొందరు అడుగుదురు. 2014 నవంబరులో సువాలో జరిగిన సమావేశంలో మన ప్రధాని పసిఫిక్ దీవులలో ఒక్కొక్క దేశానికి వార్షిక గ్రాంటును 2 లక్షల డాలర్లకు పెంచుచున్నట్లు ప్రకటించినారు. నాటి మారకంలో అది సుమారు కోటి ఇరవై లక్షల రూపాయలు. మన పేదరికం ఆ సొమ్ము వలన పెరుగదు, అది ఆపివేసిన తగ్గదు. 2023లో ఫిజీకి హృద్రోగ ఆసుపత్రి నిర్మించెదమని కూడ వాగ్దానం చేసినారు. సంతోషం. ఇచ్చుటను మనం వ్యతిరేకింపరాదు. ఇచ్చు తీరును ప్రశ్నింపవలెను. ఆ సొమ్ము మన పన్నుల నుండి పోవుచున్నది గనుక ప్రశ్నించు హక్కు మనకు కలదు.

కావున మన ఫెడరేషన్ తరఫున ఈ కోర్కెలను ముందుంచవలెనని ప్రతిపాదించుచున్నాను. మొదటిది, మన దేశం ఇతర దేశాలకిచ్చు రుణాల షరతులను పార్లమెంటు ముందు, ప్రజల ముందు ఉంచవలెను. రెండవది, విపత్తు సహాయం గ్రాంటుగానే ఉండవలెను, అప్పుగా కాదు. మూడవది, యంత్రాలు ఇచ్చిన చోట శిక్షణ, విడిభాగాలు, నిర్వహణ కూడ ఒప్పందంలో భాగం కావలెను. ఆ దేశపు కార్మికులను, రైతులను సంప్రదింపవలెను. నాలుగవది, మన పెట్టుబడితో నడచు ఏ పనిలోనైనను సంఘం పెట్టుకొను హక్కుకు భంగం కలుగరాదు. ఐదవది, అక్కడి సంఘముల పాఠశాలలకు తెలుగు ఉపాధ్యాయులను, పుస్తకాలను పంపుటకు మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు పూనుకొనవలెను. నాల్గవ, ఐదవ తరం బిడ్డలు ఇంటి పేరు నిలుపుకొన్నారు. భాష జారిపోవుచున్నది.

సోదరులారా, నూరేండ్ల క్రిందట మన తాతలను ఆ దీవులకు పంపిన కాగితంపై షరతులు వ్రాసినవారు వేరు. వేలిముద్ర మాత్రం మనది. నేడు దేశాల మధ్య కుదురు సహాయ ఒప్పందాలలో కూడ చిన్న దేశాల శ్రామికుల స్థితి దాదాపు అదే. చదివి వినిపించువారు లేని కాగితంపై ఎవరి చేతను వేలిముద్ర వేయించరాదు. ఈ కోర్కెలను మీ మీ శాఖల సర్వసభ్య సమావేశాలలో చర్చించి, తీర్మానాలను కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!